‘ఎక్కడికైనా పంపండి’ అనేవాళ్లకి జవాబు చెప్పే పని: వెల్‌నెస్ ట్రావెల్ స్పెషలిస్ట్

"నిద్ర సరిగా పట్టట్లేదండీ. పని టెన్షన్. ఒక వారం ఎక్కడికైనా పంపండి, కాస్త తేరుకుని వస్తాను."

ఈ ఫోన్ మామూలు ట్రావెల్ ఏజెంటుకి వస్తే తేదీలు, బడ్జెట్, ఎంతమంది అని అడుగుతారు. వాళ్ల పని అది. ఆరోగ్యం, మనశ్శాంతి కోసం చేసే ప్రయాణాలు కుదిర్చే వెల్‌నెస్ ట్రావెల్ స్పెషలిస్ట్ అని చెప్పుకునే మనిషి మాత్రం ఇంకో చోట మొదలుపెట్టాలి. పడుకోగానే నిద్ర పట్టడం లేదా, పట్టిన నిద్ర తెల్లవారుజామున మూడింటికి చెదిరిపోతోందా? ఎన్నాళ్ల నుంచి? డాక్టరుతో మాట్లాడారా? వారం రోజులు ఫోన్ లేకుండా ఉండమంటే హాయిగా అనిపిస్తుందా, కంగారుగా అనిపిస్తుందా? జవాబులు విన్నాక ఒకరికి ఏ కార్యక్రమమూ లేని చిన్న హోటల్ చాలనిపిస్తుంది. ఇంకొకరికి తెల్లవారకముందే గంట కొట్టి లేపే ధ్యాన కేంద్రం సరిపోతుంది. మూడో మనిషికి అసలు టికెట్టే వద్దు, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పాల్సి వస్తుంది.

ఆ మూడో జవాబు చెప్పాలంటే ధైర్యం ఒక్కటే చాలదు, ఆదాయం కూడా దానికి వీలుగా ఉండాలి. ఈ కెరీర్‌లో అసలు చిక్కు అక్కడే ఉంది. మంచి రిసార్టుల జాబితా ఎవరైనా తయారు చేసుకోవచ్చు. ఎవరిని ఎక్కడికి పంపకూడదో తెలియాలి, పంపకపోయినా ఇల్లు గడవాలి.

మార్కెట్ పెద్దదే, కానీ ఎవరి మార్కెట్?

ఈ రంగం గురించి ఏ కోర్సు ప్రకటన చూసినా ముందు ఒక పెద్ద అంకె కనిపిస్తుంది. గ్లోబల్ వెల్‌నెస్ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం 2023లో ప్రపంచమంతటా వెల్‌నెస్ టూరిజం మీద ఖర్చయింది సుమారు 830 బిలియన్ డాలర్లు. అంకెలో తప్పు లేదు. దాన్ని చూసి ఉద్యోగం మానేసేముందు అందులో ఏమేం కలిపారో చూసుకోవాలి.

అదే సంస్థ ఈ ప్రయాణికుల్ని రెండు రకాలుగా విడదీస్తుంది. కేవలం ఆరోగ్యం, మనశ్శాంతి కోసమే బయల్దేరేవాళ్లు ఒక రకం. వీళ్లని ప్రైమరీ అంటారు. వేరే పని మీదో, సెలవులకో వెళ్తూ మధ్యలో ఒక మసాజ్, ఒక యోగా క్లాసు, జిమ్ ఉన్న హోటల్ చూసుకునేవాళ్లు రెండో రకం, సెకండరీ. 2017 లెక్కల్లో మొత్తం వెల్‌నెస్ ప్రయాణాల్లో 89 శాతం ఈ రెండో రకానివే. అంటే మీటింగుకి వెళ్లి సాయంత్రం ఆవిరి గదిలో కూర్చున్న మనిషి ఖర్చు కూడా ఆ పెద్ద అంకెలో భాగమే. ఆ మనిషికి స్పెషలిస్ట్ అక్కర్లేదు, రిసెప్షన్‌లో అడిగితే సరిపోతుంది.

కాబట్టి మీ దగ్గరికి వచ్చేది ప్రధానంగా ఆ మిగిలిన కొద్దిమంది. ఇది నిరాశపడే సంగతేమీ కాదు. వాళ్లు ఎక్కువ రోజులు ఉంటారు, ఎక్కువ ఖర్చు పెడతారు, నచ్చితే మళ్లీ వస్తారు. అయితే ఎక్కువ ప్రశ్నలూ వేస్తారు, ఎక్కువ ఆశలూ పెట్టుకుంటారు.

ఇంకో గీత కూడా ముందే గీసుకోవాలి. మోకాలి ఆపరేషన్‌కో, పంటి చికిత్సకో దేశం దాటి వెళ్లడం మెడికల్ టూరిజం. ఉన్న జబ్బుకి వైద్యం అక్కడి పని. ఉన్న ఆరోగ్యాన్ని నిలబెట్టుకోవడం, కాస్త మెరుగుపరచుకోవడం వెల్‌నెస్ పని. కాగితం మీద ఈ తేడా స్పష్టంగానే ఉంటుంది. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మాత్రం అంత తేలిగ్గా తెగదు. "కొంచెం షుగర్ ఉందిలెండి, పర్వాలేదు" అనే మాట ఈ గీత మీదే నిలబడి ఉంటుంది.

ఒకే మాట కింద ఎన్ని రకాలో

రిట్రీట్, స్పా, క్యూర్, డీటాక్స్ అని బ్రోషర్లు కలగలిపి వాడే పదాల వెనక వేర్వేరు సంప్రదాయాలున్నాయి. ఒకదాని అలవాటుతో ఇంకోదాన్ని అమ్మితే తిట్లు తప్పవు.

మొదటి రకం ఊటనీళ్ల ఊళ్లు. బాడెన్-బాడెన్, బాత్, కార్లోవీ వారీ లాంటి 11 యూరప్ ఊళ్లని ‘గ్రేట్ స్పా టౌన్స్ ఆఫ్ యూరప్’ పేరుతో యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కార్లోవీ వారీలో జనం చేతిలో చిన్న పింగాణీ కప్పులు పట్టుకుని, వాటికున్న గొట్టం లాంటి మూతి నుంచి వేడి ఊటనీళ్లు చప్పరిస్తూ వరండాల్లో తిరుగుతుంటారు. అక్కడి పద్ధతిలో ఏ ఊట నీళ్లు, ఎంత, రోజుకి ఎన్నిసార్లు తాగాలో డాక్టరు రాసిస్తారు. అలాంటి ఊరికి ఒక్క వారాంతం వెళ్లొచ్చి "ఏమీ తేడా తెలియలేదు" అనే క్లయింటు తప్పేం లేదు. అది వారాలపాటు ఉండే పద్ధతి అని మనం చెప్పలేదు, అంతే. జపాన్‌లో వేడి ఊటల స్నానాలైన ఆన్‌సెన్, ఫిన్లండ్‌లో ఆవిరి గది అయిన సౌనా కూడా వేడీ నీళ్లూ కలిసినవే కానీ వాటి మర్యాదలు వేరు. ఆన్‌సెన్‌లో సాధారణంగా బట్టలు విప్పి, ఒళ్లు శుభ్రంగా కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి. పచ్చబొట్లు ఉన్నవాళ్లని కొన్నిచోట్ల రానివ్వరు. ఇది బుకింగ్ అయ్యాక చెప్పే విషయం కాదు.

రెండోది డెస్టినేషన్ స్పా. ఊరు కోసం కాకుండా ఆ ఒక్క ఆవరణ కోసమే వెళ్లే చోటు. మెక్సికోలోని రాంచో లా ప్వెర్టా 1940లో మొదలైంది. అమెరికాలో కాన్యన్ రాంచ్ 1979లో వచ్చింది. పొద్దున్నే నడక, తర్వాత క్లాసులు, పద్ధతిగా తిండి, మధ్యాహ్నం చికిత్సలు అన్నీ టైంటేబుల్ ప్రకారం నడుస్తాయి. టైంటేబుల్ అంటేనే చిరాకు పడేవాళ్లని అక్కడికి పంపకూడదు. ఉపవాస క్లినిక్‌లు దీనికి దగ్గరి చుట్టాలు, కానీ అక్కడ డాక్టర్ల పర్యవేక్షణ తప్పనిసరి.

మూడోది సంప్రదాయ వైద్యం. ఆయుర్వేదంలోని పంచకర్మని చాలామంది నూనె మసాజ్ అనుకుని బుక్ చేసుకుంటారు. అందులో వమనం (వాంతి చేయించడం), విరేచనం కూడా ఉన్నాయని, పథ్యం ఉంటుందని, కొన్ని రోజులు నీరసంగా పడి ఉండాల్సి రావచ్చని ముందే చెప్పని ఏజెంటుకి నాలుగో రోజు ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇక ధ్యాన, యోగ శిబిరాలు. వీటిలో ఒకటి మన లెక్కకి భలే అడ్డం పడుతుంది. ఎస్.ఎన్. గోయెంకా నేర్పిన పద్ధతిలో నడిచే పది రోజుల విపశ్యన ధ్యాన కోర్సుకి ఫీజు లేదు. పాత సాధకుల విరాళాలతో నడుస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి గంట, తొమ్మిది రోజులకు పైగా మౌనం, ఫోన్ అప్పగించేయాలి. ఫీజే లేని చోట మీకు కమిషన్ ఎక్కడినుంచి వస్తుంది? మీ క్లయింటుకి నిజంగా సరిపోయేది అదే అయితే, ఆ మాట చెప్పడానికి మీకు నోరు వస్తుందా?

డబ్బు ఎవరిస్తారు

ఒకప్పుడు ట్రావెల్ ఏజెంట్లు విమాన టికెట్ల కమిషన్ మీద బతికేవారు. 1995 ఫిబ్రవరిలో అమెరికాలో డెల్టా ఆ కమిషన్‌కి పరిమితి పెట్టింది. దేశంలోపల రానుపోను టికెట్ ఎంత ఖరీదైనదైనా ఏజెంటుకి 50 డాలర్లకి మించి ఇవ్వమంది. మిగతా కంపెనీలు అదే దారి పట్టాయి. 2002 నాటికి అక్కడి పెద్ద ఎయిర్‌లైన్లు బేస్ కమిషన్‌ని పూర్తిగా తీసేశాయి. టికెట్లు కొట్టడం తప్ప ఇంకేమీ చేయని ఏజెన్సీలు మూతపడ్డాయి. హనీమూన్లు, క్రూజులు, సఫారీలు, వెల్‌నెస్ అంటూ ఒక్కో రంగంలో స్పెషలిస్టులు పుట్టుకురావడానికి ఆ దెబ్బ ఒక పెద్ద కారణం.

ఇప్పుడు ఆదాయం ప్రధానంగా మూడు దారుల్లో వస్తుంది. హోటళ్లు, రిసార్టులు ఇచ్చే కమిషన్ మొదటిది. గది ఖరీదులో 10 శాతం అనేది మామూలుగా వినిపించే అంకె. అయితే ఆ డబ్బు అతిథి ఖాళీ చేసి వెళ్లాకే వస్తుంది, ఒక్కోసారి నెలలు పడుతుంది. మార్చిలో మీరు పడిన శ్రమకి అక్టోబరులో ప్రయాణం, డబ్బు ఆ తర్వాత. మీరు వేరే హోస్ట్ ఏజెన్సీ కింద, అంటే తమ పేరు మీద బుకింగులు చేసుకోనిచ్చే పెద్ద ఏజెన్సీ కింద, పనిచేస్తుంటే అందులో వాళ్ల వాటా పోతుంది. చాలాచోట్ల కమిషన్ గది అద్దె మీదే లెక్కగడతారు, చికిత్సల మీద ఇస్తారో లేదో విడిగా అడిగి తెలుసుకోవాలి. వెల్‌నెస్ బుకింగుల్లో గది కంటే చికిత్సలే ఎక్కువ ఖరీదయ్యే సందర్భాలుంటాయి కనుక ఇది చిన్న విషయం కాదు.

రెండోది ప్లానింగ్ ఫీజు. క్లయింటే నేరుగా మీకిచ్చేది. కొత్తగా వచ్చినవాళ్లు ఇది అడగడానికి మొహమాటపడతారు. నా అభిప్రాయం మాత్రం గట్టిదే: ఈ పనిలో ఫీజు తీసుకోనివాళ్లు ఎక్కువకాలం నిజాయితీగా ఉండలేరు. జీతం మొత్తం రిసార్టు నుంచే వస్తున్నప్పుడు "మీకు ఇప్పుడు ప్రయాణం వద్దండీ" అని చెప్పడం మనిషికి కష్టం. ఫీజు ముందే చేతిలో ఉంటే విపశ్యన గురించి కూడా హాయిగా చెప్పొచ్చు, డాక్టరు దగ్గరికి కూడా పంపొచ్చు. క్లయింటు మీకిచ్చింది మీ ఆలోచనకి.

మూడోది, అందరికీ ఆశగా కనిపించేది, సొంతంగా గ్రూప్ రిట్రీట్ నడపడం. ఇక్కడ ఒకసారి లెక్క చూద్దాం. ఒక్కొక్కరి దగ్గర 100 చొప్పున తీసుకుంటున్నారనుకోండి. అందులో గదికి, తిండికి హోటల్‌కి కట్టాల్సింది 60. టీచరు ఫీజు, ఆమె ప్రయాణం, మీ ప్రయాణం, మీ గది కలిపి ఎంతమంది వచ్చినా మారని ఖర్చు 320. మనిషికి 40 మిగులుతుంది కాబట్టి ఎనిమిది మంది చేరితే ఖర్చులు సరిపోతాయి. పన్నెండు మంది చేరితే మిగిలేది 160. బాగానే ఉంది కదా. ఇప్పుడు బయల్దేరడానికి పది రోజుల ముందు ఇద్దరు మానేశారు. మీరు మంచితనంతో వాళ్ల డబ్బు మొత్తం వెనక్కిచ్చారు. హోటల్ మాత్రం పన్నెండు గదులకీ డబ్బు అడుగుతుంది, కాంట్రాక్టులో అలాగే ఉంది. వచ్చింది 1000. హోటల్‌కి 720, మిగతా ఖర్చు 320. మీకు 40 నష్టం. ఇద్దరు మనుషుల వల్ల లాభం కాస్తా చేతినుంచి పెట్టుకోవడం దాకా వచ్చింది.

అందుకే గ్రూప్ కాంట్రాక్టులో రెండు విషయాలు వేలుపెట్టి చదవాలి. ఎన్ని గదులు ఏ తేదీలోపు వెనక్కి ఇచ్చేయవచ్చు అనేది ఒకటి. హోటల్ మీకు పెట్టిన రద్దు గడువు కంటే మీరు అతిథులకి పెట్టిన గడువు ముందుందా అనేది రెండోది. చాలామంది దీన్ని తలకిందులుగా పెట్టుకుని దెబ్బతింటారు. గదులు పంచుకోవడం గురించి కూడా ముందే తేల్చుకోవాలి. మనశ్శాంతి కోసం వచ్చిన మనిషిని గురక పెట్టే అపరిచితుడి పక్క మంచం మీద పడుకోబెడితే రోజుకి ఎన్ని ప్రాణాయామం క్లాసులు పెట్టినా లాభం లేదు.

మీరు డాక్టరు కాదు

2009 అక్టోబరులో అమెరికాలోని అరిజోనాలో, సెడోనా దగ్గర ఒక స్వయం వికాస శిబిరం జరిగింది. అంతకుముందు ఎడారిలో ఉపవాసం చేయించి, చివర్లో యాభైమందికి పైగా మనుషుల్ని ప్లాస్టిక్ పట్టాలు కప్పిన ఒక గుడారంలో కూర్చోబెట్టి, కాలిన రాళ్ల మీద నీళ్లు పోస్తూ ఆవిరి పట్టించారు. స్వెట్ లాడ్జ్ అంటారు దాన్ని. ముగ్గురు చనిపోయారు. నిర్వాహకుడు నిర్లక్ష్యంతో మరణాలకి కారకుడని 2011లో కోర్టు తేల్చింది, జైలుకి పంపింది. వచ్చినవాళ్లంతా బాగా చదువుకున్నవాళ్లు, వేల డాలర్లు కట్టినవాళ్లు. ఒంట్లో బాగోలేకపోయినా లేచి బయటికి రాలేకపోయారు, ఎందుకంటే తట్టుకోవడమే అక్కడ గొప్పగా చూపించారు.

ఈ సంఘటన నుంచి స్పెషలిస్ట్ తీసుకోవాల్సిన ప్రశ్నలు చాలా మామూలువి. ఎవరైనా మధ్యలో లేచి వెళ్లిపోవచ్చా? పక్కన వైద్యం తెలిసిన మనిషి ఉంటారా? దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరం? ముందు ఆరోగ్యం గురించి ఏమైనా అడుగుతారా? ఏమీ అడగకుండా అందరినీ చేర్చుకునే చోటు చూస్తే నాకు భయమేస్తుంది. విపశ్యన కేంద్రాలు సైతం దరఖాస్తులో మానసిక ఆరోగ్యం గురించి అడుగుతాయి.

కొన్ని జతలు మాత్రం కంఠస్థం ఉండాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, ఉపవాస కార్యక్రమం. గర్భిణులు, బాగా వేడిగా ఉన్న తొట్టి లేదా సౌనా. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, గట్టిగా నొక్కే మసాజ్. అదుపులో లేని బీపీ, ఐసునీళ్ల మునక. డిప్రెషన్ మందులు, అయహువాస్కా (కొన్ని శిబిరాల్లో తాగించే, భ్రాంతులు కలిగించే అమెజాన్ మొక్కల కషాయం): ఈ జత ప్రాణం మీదికి తెస్తుంది. ఇవి తెలిసింది మీరు ‘వెళ్లొచ్చు’, ‘వెళ్లకూడదు’ అని తీర్పు చెప్పడానికని కాదు. "ఇది బుక్ చేసేముందు మీ డాక్టరుని అడగండి, నేను వారం ఆగుతాను" అని చెప్పడానికి. మందు మానేయమనో, మోతాదు తగ్గించమనో సలహా ఇచ్చిన రోజున మీరు ట్రావెల్ వృత్తి దాటి వేరే చోటికి వెళ్లిపోయినట్టే.

ఇంకో చిక్కు ఇక్కడే ఉంది. ఇవన్నీ అడిగితే మనుషుల ఆరోగ్య వివరాలు మీ దగ్గర పోగవుతాయి. యూరప్ డేటా చట్టం జీడీపీఆర్ ఆరోగ్య సమాచారాన్ని ప్రత్యేక రక్షణ ఉన్న తరగతిలో పెట్టింది. మిగతాచోట్లా చట్టాలు అటే వెళ్తున్నాయి. తేలికైన పద్ధతి ఏమిటంటే, అడగండి కానీ రాసిపెట్టుకోకండి. మందుల పేర్లు, జబ్బుల చరిత్ర నేరుగా ఆ కేంద్రం డాక్టరుకే క్లయింటు పంపేలా చూడండి. మీ ఫైలులో "డాక్టరు అనుమతి అడగమని చెప్పాను, ఫలానా తేదీన సరే అన్నారు" అన్న ఒక్క వాక్యం చాలు. రేపు గొడవ వస్తే మిమ్మల్ని కాపాడేదీ ఆ వాక్యమే. దానితోపాటు వృత్తిపరమైన పొరపాట్లకి వర్తించే ఇన్సూరెన్స్.

బోర్డు పెట్టడానికి ఏం కావాలి

‘వెల్‌నెస్ ట్రావెల్ స్పెషలిస్ట్’ అనే పేరు వాడుకోవడానికి నర్సుకో లాయరుకో ఉన్నట్టు ప్రత్యేక లైసెన్సు పద్ధతి లేదు. సర్టిఫికెట్లు అమ్మే సంస్థలు చాలా ఉన్నాయి. పరిభాష తెలుస్తుంది, కొన్ని పరిచయాలవుతాయి, అంతవరకు పనికొస్తాయి. ఆ కాగితం చూసి ఎవరూ ఫోన్ చేయరు.

పేరుకి లైసెన్సు లేకపోయినా ప్రయాణాలు అమ్మడానికి చట్టాలున్నాయి. అమెరికాలో కాలిఫోర్నియా, ఫ్లోరిడా, వాషింగ్టన్, హవాయి లాంటి రాష్ట్రాల్లో ‘సెల్లర్ ఆఫ్ ట్రావెల్’గా నమోదు చేసుకోవాలి. యూరోపియన్ యూనియన్‌లో ప్యాకేజీ టూర్లకి సంబంధించిన చట్టం, ప్యాకేజ్ ట్రావెల్ డైరెక్టివ్, 2018 జులై నుంచి అమల్లో ఉంది. యోగా టీచర్లు దీని దగ్గరే తెలియకుండా ఇరుక్కుంటారు. గదీ, యోగా క్లాసులూ కలిపి ఒకే ధరకి అమ్మి, యోగానే ముఖ్య ఆకర్షణగా ప్రకటిస్తే అది చట్టం కళ్లలో ప్యాకేజీ. అమ్మిన మనిషి ఆర్గనైజర్. హోటల్ సరిగా లేకపోయినా బాధ్యత ఆర్గనైజర్‌దే, వ్యాపారం దివాలా తీస్తే కట్టిన డబ్బుకి భద్రత కూడా చూపించాలి. "నేను యోగా నేర్పిస్తాను, అంతే" అంటే నడవదు. ఈ భారం మోయలేననుకుంటే లైసెన్సున్న ఆపరేటర్ పేరు మీద అమ్మించి, మీరు టీచరుగానో సలహాదారుగానో ఉండటం తెలివైన పని.

మొదలెట్టేవాళ్లు ఇరుకైన దారే ఎంచుకోవాలి. ‘అందరికీ వెల్‌నెస్’ అంటే ఎవరికీ గుర్తుండరు. పాత నర్సు అయితే ఆపరేషన్ తర్వాత కోలుకున్నవాళ్ల ప్రయాణాలు, మారథాన్ పరిగెత్తే మనిషి అయితే పరుగు తర్వాతి విశ్రాంతి, తల్లినో తండ్రినో పోగొట్టుకున్న అనుభవం ఉంటే దుఃఖంలో ఉన్నవాళ్లకి నిశ్శబ్దమైన చోట్లు. మీ వెనక జీవితంలో ఏముందో అందులోంచే ప్రత్యేకత రావాలి. లేకపోతే మీరు చెప్పేది బ్రోషర్‌లా వినిపిస్తుంది.

ఆ తర్వాత స్వయంగా వెళ్లి చూడటం. రిసార్టులు ఏజెంట్లని పిలిచి చూపించే ట్రిప్పుల్లో పూలూ జ్యూసులూ బాగుంటాయి. మీరు చూడాల్సింది వేరే. మధ్యాహ్నం మూడింటికి ఖాళీగా కూర్చున్న అతిథి ఏం చేస్తోంది? టీచరు ఏడాదంతా ఉంటాడా, ఫొటోలో ఉన్న మనిషి ఎప్పుడో వెళ్లిపోయాడా? గోడ అవతల డిస్కో ఉందా? డాక్టరు రోజూ వస్తారా, వారానికొకసారేనా? ఒక రాత్రి మామూలు గదిలో పడుకోండి, వాళ్లు చూపించే సూట్‌లో వద్దు.

ప్రయాణం అల్లేటప్పుడు కూడా చిన్న లెక్కలే పెద్ద తేడా తెస్తాయి. శరీరం కొత్త టైముకి సర్దుకోవడానికి దాటిన ప్రతి టైమ్‌జోన్‌కి సుమారు ఒక రోజు పడుతుంది, తూర్పుకి వెళ్తే ఇంకా కష్టం. ఏడు జోన్లు దాటించి ఐదు రోజుల నిద్ర రిట్రీట్‌కి పంపితే, ఆ మనిషి నిద్ర కుదురుకునేలోపే తిరుగు విమానం ఎక్కుతుంది. నిద్ర కోసం వచ్చిన క్లయింటుకి ఖండాంతరం కంటే నాలుగు గంటల రైలు దూరంలో ఉన్న చోటే మేలు, కమిషన్ తక్కువైనా సరే. దిగిన రోజు చికిత్సలు పెట్టకండి. బయల్దేరే రోజు తెల్లవారుజామున ఫ్లైటూ వద్దు.

తిరిగొచ్చిన మర్నాడు ఫోన్ చేసి "ఎలా ఉంది?" అని అడిగితే అందరూ అద్భుతం అంటారు. మూడు వారాలు ఆగి చేయండి. అప్పటికి మెయిల్స్, మీటింగులు మళ్లీ మీద పడి ఉంటాయి. "అక్కడ చేసినవాటిలో ఇప్పటికీ ఏం చేస్తున్నారండీ?" అని అడిగి, వచ్చిన జవాబు ఆ రిసార్టు పేరు పక్కన రాసుకోండి. "ఏమీ లేదండీ" అన్నది కూడా.